మద్దెల నిజంగానే ఓడైతే: అరిజోనా స్టేట్ ఓటమిలో రిఫరీల వాటా ఎంత?

ఓడిన జట్టు అభిమాని రిఫరీని తిట్టగానే గెలిచినవాడి నోట సామెత సిద్ధంగా ఉంటుంది: ఆడలేక మద్దెల ఓడు. సామెత బాగానే ఉంది గానీ ఒక ప్రశ్నను తెలివిగా దాటేస్తుంది. మద్దెల నిజంగానే ఓడైతే? ఆడినవాళ్లు అడుగులు తప్పి, అదే రోజు మద్దెల కూడా చిరిగి ఉంటే, ఏది ఎంత చెడగొట్టిందో ఎలా తేల్చాలి?

ఈ ప్రశ్నకు ఈమధ్య కాలంలో దొరికిన మంచి ఉదాహరణ 2025 జనవరి 1న అట్లాంటాలోని మెర్సిడెస్-బెంజ్ స్టేడియంలో జరిగిన పీచ్ బౌల్. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ప్లేఆఫ్‌లో క్వార్టర్ ఫైనల్ అది. టెక్సస్ 39, అరిజోనా స్టేట్ 31, అదీ రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత. అరిజోనా స్టేట్ ఊరు టెంపీలో చదివే తెలుగు పిల్లలూ, టెక్సస్ జట్టు ఊరు ఆస్టిన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలూ తక్కువేం కాదు కాబట్టి ఈ గొడవ మనవాళ్లకు మరీ పరాయిది కాదు.

ఆట తెలియనివాళ్లకు నాలుగు ముక్కలు. బంతి ఉన్న జట్టుకు 10 యార్డులు ముందుకెళ్లడానికి నాలుగు ప్రయత్నాలుంటాయి. ఒక్కో ప్రయత్నం ఒక డౌన్. 10 యార్డులు దాటితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది, దాన్నే ఫస్ట్ డౌన్ అంటారు. బంతిని ప్రత్యర్థి చివరన ఉన్న ఎండ్ జోన్‌లోకి చేరిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. ఆ తర్వాత కిక్ కొట్టి ఇంకొకటి తెచ్చుకోవచ్చు, లేదా 3 యార్డుల గీత దగ్గర్నుంచి ఒకే ప్లేలో 2 పాయింట్లకు తెగించవచ్చు. నిలువు కర్రల మధ్య నుంచి బంతిని తన్నితే ఫీల్డ్ గోల్, 3 పాయింట్లు. నాలుగో డౌన్‌లో దారి కనిపించకపోతే బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి అప్పగిస్తారు, అది పంట్.

ఇక అసలు కథ. నాలుగో క్వార్టర్లో టెక్సస్ 24-8 ఆధిక్యంలో ఉంది. అక్కడి నుంచి అరిజోనా స్టేట్ రన్నింగ్ బ్యాక్ క్యామ్ స్కటెబో ఆటను భుజాన వేసుకున్నాడు. బంతి పట్టుకుని పరిగెత్తాల్సిన అతనే 42 యార్డుల టచ్‌డౌన్ పాస్ విసిరాడు. కాసేపటికి టెక్సస్ పాస్ ఒకటి అరిజోనా స్టేట్ చేతికి చిక్కింది. స్కటెబో 62 యార్డుల పాస్ అందుకుని, ఆపై తనే బంతిని ఎండ్ జోన్‌లోకి దూర్చాడు. రెండుసార్లూ 2 పాయింట్ల ప్రయత్నం ఫలించి స్కోరు 24-24 అయింది. ఆ రోజు అతను పరిగెత్తి 143 యార్డులు, పాస్‌లు అందుకుని 99 యార్డులు తెచ్చాడు.

టెక్సస్ కిక్కర్ 48 యార్డుల ఫీల్డ్ గోల్ తప్పాడు. బంతి అరిజోనా స్టేట్‌కి వచ్చింది. నిమిషం పైచిలుకు మిగిలి ఉంది. మూడో డౌన్, ఇంకా 15 యార్డులు కావాలి. రిసీవర్ మెల్క్వాన్ స్టోవాల్ పాస్ అందుకుని తిరిగాడో లేదో, టెక్సస్ డిఫెన్స్‌లో చివరి కాపలాగా ఉండే మైకేల్ టాఫ్ వచ్చి ఢీకొట్టాడు. హెల్మెట్‌కు హెల్మెట్ తగిలింది. ఫౌల్ అని చెప్పే ఫ్లాగ్ పడలేదు. రీప్లే అధికారులు ఆట ఆపి చూసి, టార్గెటింగ్ (తలకు ప్రమాదం తెచ్చేలా కొట్టే ఫౌల్) కాదని తేల్చారు. ఫస్ట్ డౌన్‌కి యార్డులు చాలక అరిజోనా స్టేట్ పంట్ చేసింది.

టార్గెటింగ్ అని ఉంటే ఏమయ్యేది? 15 యార్డుల పెనాల్టీ, దాంతోపాటు ఆటోమేటిక్ ఫస్ట్ డౌన్. బంతి టెక్సస్ సగంలో 40 యార్డుల గీతకు అటూఇటూగా ఉండేది. టాఫ్ ఆట నుంచి బయటికి వెళ్లేవాడు.

ఇక్కడే అందరూ మూడు వేర్వేరు ప్రశ్నలను కలిపి ఒకే ముద్ద చేస్తారు. నిర్ణయం తప్పా? తప్పయితే ఆట ఫలితం మార్చిందా? అసలు రూలే బాగాలేదా? మొదటిదానికి అవునన్నవాడు మిగతా రెండింటికీ అవుననక్కర్లేదు.

మొదటి ప్రశ్నకు రూలు పుస్తకం తెరవాలి. అమెరికా కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ పుస్తకంలో టార్గెటింగ్ రెండు రకాలు. 9-1-3 ప్రకారం హెల్మెట్ నడినెత్తితో ప్రత్యర్థిని ఎవర్నయినా, ఎక్కడైనా లక్ష్యం చేసుకుని బలంగా కొట్టకూడదు. నడినెత్తి అంటే హెల్మెట్ శిఖరం నుంచి 6 అంగుళాల వ్యాసార్ధంలో గుండ్రటి భాగం. 9-1-4 ప్రకారం తనను తాను కాపాడుకోలేని స్థితిలో ఉన్న ఆటగాడి తలకో మెడకో హెల్మెట్, ముంజేయి, పిడికిలి, మోచేయి, భుజం వేటితోనూ బలంగా తగలకూడదు. బంతి అందుకున్న మరుక్షణం, ఇంకా సర్దుకునే వ్యవధి దొరకని రిసీవర్ ఆ స్థితిలో ఉన్నట్టే లెక్క. ఏ రకమైనా ఒక సూచిక కనబడాలి: నేల విడిచి పైకెగరడం, కుంగి పైకి తన్నుకురావడం, తలనో చేతినో ముందు పెట్టి దూసుకెళ్లడం, ఢీకొట్టే ముందు తల దించడం లాంటిది.

కాబట్టి హెల్మెట్లు తగిలాయి అన్నంత మాత్రాన టార్గెటింగ్ కాదు. నడినెత్తి తగిలిందా, ముఖానికి అడ్డుండే కడ్డీలు తగిలాయా? స్టోవాల్ అప్పటికే తిరిగి బంతితో పరిగెత్తే ఆటగాడిగా మారాడా, ఇంకా రిసీవరేనా? టాఫ్ తల ముందు పెట్టాడా, నిటారుగా వచ్చి ఢీకొన్నాడా? వాదనంతా ఈ మూడింటి చుట్టూ తిరిగింది. మొదటి రకం కాదనడానికి కొంత చోటుంది. రెండో రకం కాదనడం మాత్రం కష్టం. బంతి అందిన క్షణానికీ దెబ్బ పడ్డ క్షణానికీ మధ్య వ్యవధి అంత తక్కువ. నిర్ణయం తప్పని చెప్పేవాళ్ల వైపే బరువు ఎక్కువ.

మరి రీప్లేలో అన్ని కోణాల నుంచీ చూసి కూడా కాదని ఎలా అన్నారు? ఇది చాలామంది గమనించని మెలిక. మైదానంలో ఉన్న ఎనిమిది మంది అధికారులకు పుస్తకం ఒక మాట చెబుతుంది: అనుమానం ఉంటే ఫౌల్ ఇవ్వండి. పైన రీప్లే గదిలో ఉన్నవాళ్లకు ఇంకో మాట: టార్గెటింగ్‌లోని ప్రతి అంశమూ వీడియోలో రుజువు కావాలి, ఒక్కటి తేలకపోయినా ఫౌల్ లేదు. 2019 నుంచి టార్గెటింగ్‌లో మధ్యేమార్గమే తీసేశారు. ఖరారు చేయాలి, లేదంటే కొట్టేయాలి. అంటే కింద అనుమానం ఫౌల్ వైపు మొగ్గితే, పైన అదే అనుమానం నిర్దోషి వైపు మొగ్గుతుంది. కింద ఎవరూ ఫ్లాగ్ వేయకపోతే, అనుమానం మీదే ఫౌల్ దక్కే అవకాశం అక్కడితో పోయినట్టే.

క్రికెట్ చూసేవాళ్లకు దీన్ని డీఆర్ఎస్‌తో పోల్చి చెబితే తేడా తెలుస్తుంది. ఎల్బీడబ్ల్యూలో బంతి వికెట్ అంచును మాత్రమే తాకుతుందనుకుంటే అంపైర్స్ కాల్: మైదానంలో ఇచ్చిన నిర్ణయమే నిలబడుతుంది. మనం దాన్ని తిట్టుకుంటాం గానీ, కనీసం అందులో అంచు ఎక్కడుందో గీత గీసి చూపిస్తారు. టార్గెటింగ్‌లో ఆ గీత మనిషి కంట్లోనే ఉంటుంది. మ్యాచ్ అయ్యాక అరిజోనా స్టేట్ కోచ్ కెన్నీ డిలింగమ్, టార్గెటింగ్ అంటే ఏమిటో తనకే సరిగ్గా తెలియదని, కాబట్టి దాని గురించి మాట్లాడనని చెప్పి తప్పుకున్నాడు. నెలల తరబడి పిల్లలకు ట్యాక్లింగ్ నేర్పే మనిషి అన్నమాట అది.

ఇప్పుడు రెండో ప్రశ్న, అసలు కష్టమైనది. ఆ నిర్ణయం ఎంత ఖరీదు చేసింది?

చేత్తో ఒక లెక్క వేద్దాం. కింది శాతాలన్నీ ఊహలే. మీకు నచ్చినవి పెట్టుకుని మళ్లీ వేసుకోవచ్చు, లెక్క తీరు ముఖ్యం. ఫ్లాగ్ పడి ఉంటే బంతి టెక్సస్ 38 దగ్గర ఉందనుకోండి. ఫీల్డ్ గోల్ దూరం తెలియాలంటే గీత సంఖ్యకు 17 కలపాలి: ఎండ్ జోన్ లోతు 10, బంతిని వెనక్కిచ్చి నేలమీద నిలబెట్టే చోటుకి 7. అంటే అక్కడి నుంచి 55 యార్డుల కిక్. కాలేజీ స్థాయిలో అది ఆశ మాత్రమే. ఇంకో 10, 15 యార్డులు తెచ్చుకుంటేనే నమ్మదగ్గ దూరం. పైగా అరిజోనా స్టేట్‌కి కిక్కింగ్ ఆ సీజనంతా తలనొప్పే. 2024 అక్టోబరులో సిన్సినాటి చేతిలో ఓడిన రోజు రెండు కిక్‌లు తప్పడంతో కోచ్ బహిరంగంగా కిక్కర్ ట్రయల్స్ పెడతానని ప్రకటించే దాకా వెళ్లింది. కాబట్టి ఆ నిమిషంలో పాయింట్లు తెచ్చే అవకాశం 45 శాతం అనుకుందాం. తేకపోతే ఓవర్‌టైమ్, అక్కడ చెరి సగం. మొత్తం గెలుపు అవకాశం 45కి, మిగిలిన 55లో సగం కలిపితే సుమారు 72 శాతం.

ఫ్లాగ్ పడలేదు కాబట్టి పంట్ చేశారు, బంతి టెక్సస్‌కి వెళ్లింది. మిగిలిన కొద్ది సెకన్లలో టెక్సస్ పాయింట్లు తెచ్చే అవకాశం 20 శాతం అనుకుంటే, అరిజోనా స్టేట్ గెలుపు అవకాశం మిగిలిన 80లో సగం, అంటే 40. తేడా 32. మొదటి 45ని 30కి తగ్గించినా తేడా 25 ఉంటుంది. చిన్న నష్టం కాదు. రిఫరీ వల్ల ఏం కాలేదు అనేవాళ్లు ఈ సంఖ్య ముందు కాసేపు కూర్చోవాలి.

కానీ ఆట అక్కడ ఆగలేదు. టెక్సస్ ఆ కొద్ది సెకన్లలోనే ముందుకొచ్చి, ఆఖరి క్షణంలో 38 యార్డుల ఫీల్డ్ గోల్‌కి నిలబడింది. ఆ దూరం నుంచి నాలుగింట మూడు పడతాయనుకుంటే ఆ క్షణంలో అరిజోనా స్టేట్ గెలుపు అవకాశం 12, 13 శాతానికి పడిపోయింది. బంతి కర్రకు తగిలి బయటకు ఎగిరింది. ఒక్క దెబ్బతో మళ్లీ 50. రిఫరీలు లాక్కున్నది 32 అయితే, ప్రత్యర్థి కిక్కర్ కాలు తిరిగిచ్చింది 37. టెంపీలో ఆ కర్ర గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు, అది సహజం. మనకు కలిసొచ్చినది మన కష్టం, మనకు ఎదురొచ్చినది అన్యాయం.

ఓవర్‌టైమ్‌లో ఒక్కో జట్టుకు ప్రత్యర్థి 25 యార్డుల గీత నుంచి బంతి ఇస్తారు. అరిజోనా స్టేట్ ముందు ఆడి టచ్‌డౌన్ కొట్టింది, 31-24. తర్వాత టెక్సస్‌ని నాలుగో డౌన్, 13 యార్డుల దాకా నెట్టింది. ఆ స్థితిలో ఫస్ట్ డౌన్ దక్కడం అయిదింట ఒకసారి జరుగుతుందనుకుని, ఆపైన టచ్‌డౌన్ దాకా వెళ్లడం, ఆ తర్వాత సమమైన ఆటను గెలవడం, అన్నీ గుణిస్తే టెక్సస్ చేతిలో ఉన్నది 7 శాతం. అంటే అరిజోనా స్టేట్ 93 దగ్గర ఉంది. ఒక్క ప్లే ఆపితే సెమీఫైనల్. టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరే ఆటగాడు) క్విన్ యూవర్స్ విసిరిన పాస్‌ని మాథ్యూ గోల్డెన్ 28 యార్డుల టచ్‌డౌన్‌గా మలిచాడు. కిక్ పడింది, 31-31. ఆ ఒక్క ప్లే ఖరీదు 43. ఏ సంఖ్యలు పెట్టుకున్నా ఈ వరుస దాదాపు మారదు: ఆ రాత్రి అరిజోనా స్టేట్ అతి ఎక్కువ పోగొట్టుకున్న క్షణం టార్గెటింగ్ కాదు, నాలుగో డౌన్.

రెండో ఓవర్‌టైమ్ నుంచి టచ్‌డౌన్ తర్వాత కిక్ ఉండదు, 2 పాయింట్లకే వెళ్లాలి. టెక్సస్ మొదటి ప్లేలోనే గన్నర్ హెల్మ్‌కి 25 యార్డుల పాస్, ఆపైన గోల్డెన్‌కి 2 పాయింట్ల పాస్. అరిజోనా స్టేట్ వంతులో శామ్ లెవిట్ పాస్‌ని టెక్సస్ ఆటగాడు ఆండ్రూ ముకూబా పట్టేశాడు. అయిపోయింది.

అలాగని 43ని 32తో పోల్చి రిఫరీలను వదిలేయాలా? అదీ సరికాదు, రెండు కారణాలున్నాయి. ఫ్లాగ్ సరిగ్గా పడి ఉంటే ఓవర్‌టైమ్ వచ్చేదే కాదేమో, అప్పుడు ఆ నాలుగో డౌనే లేదు. ముందు జరిగినది మారితే తర్వాతివి అలాగే జరుగుతాయని అనుకోవడానికి వీల్లేదు. అందుకే ఒక ఆటలోని నష్టాలను కిరాణా చీటీలా కూడలేం. రెండోది, ఈ రెండు నష్టాల స్వభావం వేరు. నాలుగో డౌన్‌లో ఎదుటివాడు బాగా ఆడాడు, ఆట అంటే అదే. రిఫరీ తప్పు ఆట బయటి నుంచి వచ్చినది. జేబుకు చిల్లుపడి డబ్బు పోవడం, జేబు కత్తిరించబడి పోవడం ఒకే మొత్తమైనా ఒకే ఫిర్యాదు కాదు.

చేజారిన అవకాశాల గురించి మాట్లాడేటప్పుడు జనం చివరి అయిదు నిమిషాల్లోనే వెతుకుతారు. అసలు చిల్లు చాలా ముందుంది. మొదటి అర్ధభాగం 17-3. ఆ 17లో 7 పాయింట్లు టెక్సస్ ఆటగాడు సిలాస్ బోల్డెన్ పంట్ అందుకుని 75 యార్డులు తిరిగి పరిగెత్తి (పంట్ రిటర్న్) తెచ్చినవి. పంట్ కవరేజీ చెడిందంటే సాధారణంగా రెండు కారణాల్లో ఒకటి ఉంటుంది. బంతి దూరం వెళుతుంది గానీ గాల్లో ఎక్కువసేపు నిలవదు, దాంతో కవరేజీ పరుగులు తీసేవాళ్లు చేరేలోపే రిటర్నర్‌కి పది అడుగుల ఖాళీ దొరుకుతుంది. 45 యార్డుల పంట్ సుమారు నాలుగున్నర సెకన్లు గాల్లో ఉండాలన్నది కోచ్‌లు చెప్పే ముతక లెక్క. లేదా పరిగెత్తేవాళ్లు ఎవరి దారి వాళ్లు పట్టుకోకుండా బంతి వైపే గుమిగూడతారు, ఒక పక్క తలుపు బార్లా తెరుచుకుంటుంది. ఏ కారణమైనా ఆ 7 పాయింట్లు టెక్సస్ ఆఫెన్స్ ఒక్క ప్లే ఆడకుండా వచ్చినవి.

ఇంకో వైపు, నాలుగో క్వార్టర్ సగం గడిచేదాకా అరిజోనా స్టేట్ ఖాతాలో 8 పాయింట్లే. రెండు ఫీల్డ్ గోళ్లు, డిఫెన్స్ తెచ్చిన 2. ఫీల్డ్ గోల్ వచ్చిన ప్రతిసారీ స్కోరుబోర్డు మీద ప్లస్ 3 కనబడుతుంది, కనబడనిది చేజారిన 4. అలాంటివి రెండు చేరితే 8. చివర్లో 16 పాయింట్ల తేడా తీరడానికి రెండు 2 పాయింట్ల ప్రయత్నాలూ వరసగా నెగ్గాల్సి వచ్చింది. ఒక్కోదానికి 40 శాతం అనుకుంటే రెండూ నెగ్గడం 16 శాతం. ముందే ఒక ఫీల్డ్ గోల్ టచ్‌డౌన్ అయ్యుంటే ఈ జూదం అక్కర్లేదు, చివరి నిమిషంలో రిఫరీ చూపు మీద ఆధారపడే పరిస్థితీ ఉండదు. ఆట మొదట్లోని పాయింటుకీ చివరి పాయింటుకీ విలువ ఒకటే. చివరిది సర్దుకునే సమయం లేకపోవడం వల్ల బరువుగా అనిపిస్తుంది, అంతే.

అయితే రిఫరీల తప్పులన్నీ ఒక గాటన కట్టకూడదు. 2016 సెప్టెంబరు 10న ఒక్లహోమా స్టేట్‌కి జరిగినది పూర్తిగా వేరే జాతి. సెంట్రల్ మిషిగన్ మీద 27-24 ఆధిక్యం, నాలుగు సెకన్లు, నాలుగో డౌన్. క్వార్టర్‌బ్యాక్ సమయం గడవడానికి బంతిని ఎవరూ లేని చోటికి ఎత్తి విసిరాడు. గడియారం సున్నా. దాన్ని ఇంటెన్షనల్ గ్రౌండింగ్ ఫౌల్ అన్నారు, అది సరే. కానీ ఆ పెనాల్టీలో డౌన్ కూడా పోతుంది, అలాంటి పెనాల్టీ ఉన్నప్పుడు సమయాన్ని పొడిగించకూడదని రూలు. రిఫరీలు పొడిగించి సెంట్రల్ మిషిగన్‌కి ఒక ప్లే ఇచ్చారు. ఆశ లేని పొడవాటి పాస్, అందుకున్నవాడి నుంచి ఇంకొకడికి, 51 యార్డుల టచ్‌డౌన్. 30-27. ఇక్కడ ఎవరి కన్నూ పొరబడలేదు, ఎనిమిది మందికీ ఆ రూలు గుర్తుకు రాలేదు. పాత లెక్కే వేస్తే ఆ తప్పు ఖరీదు దాదాపు నూటికి నూరు, ఎందుకంటే ఆ ప్లే ఉండకూడదు. రిఫరీల బృందాన్నీ, రీప్లే అధికారులనూ రెండేసి ఆటలకు సస్పెండ్ చేశారు. ఫలితం మాత్రం మారలేదు. రిఫరీ ఆట ముగిసిందని ప్రకటించాక స్కోరు మార్చే అధికారం కాన్ఫరెన్స్‌కి (జట్లు సభ్యులుగా ఉండే లీగ్‌కి) లేదు. అక్కడ కూడా ఎవరో ఒకరు అడిగారు: మీ క్వార్టర్‌బ్యాక్ బంతి పట్టుకుని నాలుగు సెకన్లు వెనక్కి పరిగెత్తి ఉంటే సరిపోయేది కదా అని. సరిపోయేది. కానీ ఓడిపోవడానికి అది కారణం కాదు.

ఫలితం తిరగబడిన సందర్భం ఒకటి చరిత్రలో ఉంది, అదీ రిఫరీలు తిప్పింది కాదు. 1940 నవంబరులో కార్నెల్ జట్టు డార్ట్‌మత్ మీద 7-3తో గెలిచాక ఫిల్మ్ చూస్తే, చివరి టచ్‌డౌన్ నాలుగు డౌన్లు అయిపోయాక పొరపాటున ఇచ్చిన అయిదో డౌన్‌లో వచ్చిందని తేలింది. కార్నెల్ గెలుపును వదులుకుంటామంది. డార్ట్‌మత్ ఒప్పుకుంది. రికార్డు ఇప్పటికీ 3-0. దాదాపు యాభై ఏళ్లకు, 1990 అక్టోబరు 6న కొలరాడో జట్టు మిసోరి మీద ఇలాంటి అయిదో డౌన్‌తోనే 33-31తో గెలిచింది. వదులుకోలేదు. ఆ సీజన్ చివర జాతీయ టైటిల్‌నీ పంచుకుంది.

మూడో ప్రశ్న, రూలు సంగతి. కాలేజీ ఫుట్‌బాల్‌లో రిఫరీలను నియమించి శిక్షణ ఇచ్చేది ఒక జాతీయ సంస్థ కాదు, ఏ కాన్ఫరెన్స్‌కి ఆ కాన్ఫరెన్స్. రూలు పుస్తకం ఒకటే అయినా అలవాట్లు వేరు. పీచ్ బౌల్ తర్వాత అరిజోనా స్టేట్ కాన్ఫరెన్స్ అయిన బిగ్ 12 కమిషనర్ బ్రెట్ యోర్మార్క్ ప్లేఆఫ్ రిఫరీలకు దేశమంతా ఒకే ప్రమాణం ఉండాలని బహిరంగంగా కోరింది ఇందుకే. ఓడిన పక్షం మనిషి అడగడం వల్ల ఆ మాటకు కొంత విలువ తగ్గింది గానీ, మాటలో తప్పు లేదు.

ఆ రాత్రి లెక్కలో చాలామంది మరిచిన ఇంకో టార్గెటింగ్ ఉంది. అది అట్లాంటాలో జరిగింది కాదు. డిసెంబరులో జరిగిన బిగ్ 12 ఫైనల్లో అరిజోనా స్టేట్ డిఫెన్స్ ఆటగాడు షమారి సిమన్స్‌ని ఇదే రూలు కింద రెండో అర్ధభాగంలో బయటికి పంపారు. అప్పటి రూలు ప్రకారం రెండో అర్ధభాగంలో పడితే తర్వాతి ఆటలో మొదటి అర్ధభాగం కూడా కూర్చోవాల్సి వచ్చేది. ఆ తర్వాతి ఆట పీచ్ బౌల్. టెక్సస్ 17-3తో విరామానికి వెళ్లేదాకా సిమన్స్ బెంచీ మీదే ఉన్నాడు.